తిరుగు ప్రయాణానికి గడి లేదు

మీలో చాలామంది ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు. నా వయసువాడు పాత సంగతులంటూ మొదలుపెడితే సలహాల మూట విప్పుతాడని మీకు అనుమానం ఉంటుంది. ఆ భయం పెట్టుకోకండి. ఇది నేను ఎవరికో నేర్పిన పాఠం కాదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నాకు బాగా తెలుసనుకుంటూ తిరిగిన ఒక విషయాన్ని, రిటైరయ్యాక, ఇరవై ఏళ్ళైనా నిండని ఐదుగురు పిల్లల మధ్య నేల మీద కూర్చుని తెలుసుకున్నాను.

నాది ఒంగోలు పక్క పల్లెటూరు. కాపురం ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్ళో. స్విండన్, స్టీవెనేజ్, మళ్ళీ రీడింగ్ అంటూ కంపెనీలు మారినా చేసిన పని ఒకటే. ఏదైనా సాఫ్ట్‌వేర్ తయారుచేసే ముందు అది ఎలా ఉండాలో కాగితం మీద గీసిపెట్టడం. ఇల్లు కట్టేముందు ప్లాన్ గీస్తారే, అలాంటిదే. గళ్ళు గీసి, గళ్ళ మధ్య బాణాలు గీసి, ఏ సమాచారం ఎక్కడ ఉండాలో తేల్చేవాణ్ణి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. నాకు పేరుందన్న సంగతి నాకు మరీ బాగా తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

రిటైరయిన కొత్తలో ఇంట్లో కాలు నిలవలేదు. మా ఆవిడ డాక్టరు, ఇప్పటికీ వారానికి మూడు రోజులు హాస్పిటల్‌కి వెళుతుంది. ఆమె డ్యూటీలో ఉండగా నేను వంటింట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్ది లేబుళ్ళు అంటించాను. ఆ సాయంత్రం పోపులోకి ఆవాలు దొరక్క ఆమె అరగంట వెతికింది. ఆ వారంలోనే ఎక్కడో నోటీసు చూసి వచ్చి, దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ కోర్సు రెండో సంవత్సరం పిల్లల ప్రాజెక్టులకు అనుభవమున్న మెంటర్లు కావాలట, వెళ్ళి వాళ్ళ డబ్బాలు సర్దండి అంది. వెళ్ళాను.

అక్కడి ఏర్పాటు ఇలా ఉండేది. ఐదుగురు పిల్లలు ఒక టీము. ప్రతి టీముకూ బయటి నుంచి ఒక నిజమైన క్లయింటు. మొదటి ఆరు వారాలు కోడు ఒక్క లైను కూడా రాయకూడదు. క్లయింటుకి ఏం కావాలో కనుక్కోవాలి, డిజైన్ గీయాలి, ఆరో వారం శుక్రవారం దాన్ని అందరి ముందూ పెట్టి ఒప్పించుకోవాలి. కోర్సు నడిపే లెక్చరరు స్కాట్లండ్ మనిషి, రెండు మాటలు చాలిన చోట మూడో మాట ఖర్చు పెట్టడు. ఆయన నియమం ఒకటుంది. ఐదో వారంలో డిజైన్ మొత్తం మార్చాలని వచ్చే టీముని ఆ క్లయింటు నుంచి తప్పించి, ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఒక లైబ్రరీ ప్రాజెక్టులో వేసేస్తారు. పిల్లల మార్కులకు దెబ్బ ఉండదు, క్లయింటుకి మాత్రం ఏమీ మిగలదు. మార్పు ఎందుకు తప్పనిసరో రాసి మెంటరు సంతకం పెడితే అప్పుడు ఆలోచిస్తారు.

మా క్లయింటు ఒక చిన్న సేవాసంస్థ. కారు నడపలేని, బస్సెక్కలేని ముసలివాళ్ళను వలంటీర్లు తమ సొంత కార్లలో హాస్పిటళ్ళకు, ఎక్కువగా డయాలసిస్‌కి, తీసుకెళ్ళి తీసుకొస్తారు. చర్చి హాలుకి ఆనుకుని ఒక్క గది ఆఫీసు. దాన్ని నడిపేది డెబ్బై దాటిన ఒక ఇంగ్లీషు ఆవిడ. ఏ పేషెంటుకి ఏ డ్రైవరో పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఒక్కతే కుదుర్చుతోంది. ఇప్పుడు ఆవిడకు చూపు పోతోంది. వసంతం వచ్చేసరికి తన రాత తనే చదువుకోలేనని డాక్టర్లు చెప్పేశారు. అప్పటికే ఇద్దరికి పని నేర్పి అప్పగించి చూసింది. ఇద్దరూ నెల తిరక్కుండా మానేశారు, పేషెంట్ల ఇళ్ళ నుంచి వచ్చే ఫిర్యాదులు తట్టుకోలేక. మార్చి ఆఖరులోగా పని ఇంకొకరి చేతికి కుదురుగా అందకపోతే సర్వీసు మూసేస్తామని కమిటీ తేల్చింది. మొదటి సమావేశంలో ఆవిడ ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి, తను వెళ్ళాక వీళ్ళెవరూ ఇంట్లో ఉండిపోకూడదు, వారానికి మూడుసార్లు వెళ్ళకపోతే బతకరు అంది.

టీము లీడరు స్టీవెనేజ్ నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు. ఇంకో ముగ్గురి సంగతి అలా ఉంచితే, ఐదో మనిషి మన తెలుగమ్మాయి. తల్లిదండ్రులిద్దరూ గుంటూరు వైపు డాక్టర్లు, తను పుట్టింది ఇక్కడే. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. మొదటి రోజు నన్ను చూడగానే అలవాటు కొద్దీ "హలో అంకుల్" అనేసి నాలిక్కరుచుకుంది. బంధువు కాని మనిషిని అంకుల్ అనడమేమిటని లీడరు అడిగాడు. గౌరవంగా పిలవడం అని ఆ అమ్మాయి చెప్పింది. ఇంకేం, ఆ రోజు నుంచి ఐదుగురికీ నేను అంకుల్‌నే. లెక్చరరు కూడా ఒక మెయిల్లో అలాగే రాశాడు, నవ్వుతూ రాశాడో లేదో మాత్రం చెప్పలేను.

ఇక నా ఘనకార్యం. మెంటర్లకిచ్చిన కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది, పిల్లల బదులు మీరు డిజైన్ చేయకండి అని. చదివాను. అది కొత్తవాళ్ళకు రాసిందనుకున్నాను. రెండో వారంలో క్లయింటు ఆఫీసు నుంచి ఖాళీ ఫారం ఒకటి తెప్పించాను. పసుప్పచ్చ కాగితం, పన్నెండు గళ్ళు. పేరు, అడ్రసు, ఫోను, ఏ హాస్పిటలు, ఎన్ని గంటలకు, వీల్‌చైర్ ఉందా లేదా, డ్రైవరెవరు, ఇలా. ఖాళీ ఫారం అడగడం నా పాత పద్ధతి. నింపిన ఫారంలో పేషెంట్ల వివరాలుంటాయి, వాటికి అనుమతులు కావాలి, అదంతా పెద్ద తతంగం. ఖాళీదానికి ఏ గొడవా లేదు. ఒక్కో గడినీ తెచ్చి ఒక్కో చోట పెడితే డిజైన్ అయిపోతుంది. వైట్‌బోర్డు మీద గంటలోపే పేషెంటు, డ్రైవరు, ట్రిప్పు అని మూడు పెద్ద గళ్ళు గీసి, బాణాలు కలిపాను. వెనక్కి రావడానికి ట్రిప్పు గడిలో ఒక చిన్న టిక్కు పెట్టాను, రానుపోనూ అవునా కాదా అని. మార్కర్‌కి మూత పెట్టి వెనక్కి తిరిగితే పిల్లలు చప్పట్లు కొట్టారు. మన అమ్మాయి కొట్టలేదు. అది నేను ఆ రోజు గమనించలేదు, తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మూడో వారంలో ఆ అమ్మాయి నన్నడిగింది, ఆ ఆఫీసుకి వెళ్ళి ఒక పొద్దుటిపూటంతా ఊరికే కూర్చుని చూడొచ్చా అని. ఇంటర్వ్యూ అయింది, ఫారం వచ్చింది, ఇంకా చూడ్డానికేముందని నేనడిగాను. గళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటానంది. సరే వెళ్ళమన్నాను, అంటే వద్దనలేదంతే. ఒక్క పూట కాదు, నాలుగు పూటలు వెళ్ళింది.

నాలుగో వారం మీటింగులో అందరూ సర్దుకుంటుండగా చెయ్యెత్తింది. "అంకుల్, కెన్ ఐ సే సంథింగ్?"

చెప్పమన్నాను. ఈ నాలుగు పూటల్లో పెద్దావిడ ఫారంలోని గళ్ళవైపు ఒక్కసారి కూడా చూడలేదట. ఫోనొస్తే ఆ పేషెంటు ఫారం బయటికి తీసి, గళ్ళ చుట్టూ అంచుల్లో పెన్సిలుతో రాసుకున్నదేదో కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివి, డ్రైవరు పేరు చెప్పేస్తుందట. ఆయనే ఎందుకని అడిగితే కాసేపు ఆలోచించి, ఆయనైతే సరిపోతాడు అంటుందట. అంతకుమించి చెప్పడం ఆవిడకే రావడంలేదు. ఆవిడ చూడని చోటినంతా మనం జాగ్రత్తగా గీసిపెట్టాం అంకుల్ అంది చివరికి, చాలా మెల్లగా, తప్పు తనదే అయినట్టు.

నాకు చురుక్కుమంది. అంచుల్లో రాసుకునేవి నోట్సు, డిజైన్‌లో నోట్సుకి కూడా ఒక గడి ఇచ్చాను కదా అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. కూర్చున్నా ఒప్పుకోలేదని మొహంలో తెలుస్తూనే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ బీరకాయలు చెక్కు తీస్తూ నా మొహం చూసింది. "ఏందట్టా ఉన్నారు? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

జరిగింది చెప్పాను. రెండో ఏడు చదివే పిల్ల, అందరి ముందూ నన్ను తప్పుపట్టింది అన్నాను. చెక్కు తియ్యడం ఆపకుండా అడిగింది.

"ఆ పిల్ల తప్పన్నందుకా కోపం, తప్పయినందుకా?"

తప్పేమీ కాదు, నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదే చేశానన్నాను.

"మరింకేం. పోయి ఆ నింపిన కాగితాలు చూసి రండి, తేలిపోద్ది. చూడకుండా ఇట్టా మూతి ముడుచుకుని కూర్చుంటే ఏమొస్తది?"

లేచి కమిటీవాళ్ళకు ఫోను చేశాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ప్రశ్నకు నాకు జవాబు దొరికిన సందర్భాలు తక్కువే.

నింపిన ఫారాలు చూడాలంటే పేషెంట్ల పేర్లు బయటపడకూడదు. కమిటీ ఆ షరతు మీదే ఒప్పుకుంది. ఆ అమ్మాయీ పెద్దావిడా కలిసి రెండు రోజులు కూర్చుని, కాగితం పట్టీలు కత్తిరించి, పేరూ అడ్రసూ ఫోనూ కనిపించకుండా కప్పి, ఆరు నెలల ఫారాలు జిరాక్సు తీశారు. పేర్లు లేకపోతే ఎవరెవరో తెలియదు కదా. ఆ ఉపాయం పెద్దావిడదే, పేషెంట్లకు బిస్కెట్ల పేర్లు పెట్టింది, డ్రైవర్లకు పిట్టల పేర్లు. కస్టర్డ్ క్రీమ్ గారిని కొంగ గారు దించారన్నమాట. ఆ రెండు రోజులూ ఆఫీసులో ఒకటే నవ్వులని లీడరు చెప్పాడు. నేను వెళ్ళలేదు, నా మొహమాటం నాది.

ఐదో వారం బుధవారం మధ్యాహ్నం ల్యాబ్ తలుపు తీసేసరికి నేల కనిపించలేదు. బల్లలన్నీ గోడకు జరిపేశారు. ఫారాల అంచుల్లో ఉన్న ప్రతి రాతనూ విడిగా కత్తిరించి గది నిండా పరిచారు. పిల్లలందరూ సాక్సులతో తిరుగుతున్నారు. అంకుల్, బూట్లు విప్పాలి అన్నాడు లీడరు. విప్పాను. కుర్చీ లేదు, నేల మీదే కూర్చుని దగ్గర్లో ఉన్నవి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాను.

"ఇంట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి కెటిల్ ఆన్ చేసి రావాలి. తనే లేస్తే పడిపోతుంది." "ఎప్పుడు అవుతుందో చెప్పలేం, గంటైనా విసుక్కోకుండా ఆగే మనిషి కావాలి." "ఈయన దారిలో మాట్లాడడు. మాట్లాడించొద్దు, రేడియో వద్దు." "పదకొండు మెట్లు. కొంగ మాత్రమే." "మంగళవారం పక్కింటావిడ ఉండదు, తాళంచెవి డ్రైవరు దగ్గరే ఉండాలి." "కారు ఎక్కగానే నిద్రపోతుంది. ఇల్లొచ్చాక చెయ్యి తట్టి లేపాలి, పేరు పెట్టి గట్టిగా పిలిస్తే భయపడుతుంది."

పొద్దుటి నుంచీ పిల్లలు వీటిని రకరకాలుగా పేరుస్తున్నారట. పేషెంటు ప్రకారం, డ్రైవరు ప్రకారం, వారం ప్రకారం. ఎలా పేర్చినా కుప్పలు కుప్పల్లాగే ఉన్నాయి, ఏమీ చెప్పడంలేదు. ఇక వదిలేద్దామా అనుకుంటున్నారు. అప్పుడు మన అమ్మాయి లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఒక్కో ముక్కా చదివి రెండే కుప్పలు వేయడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర ఒకటి, కిటికీ దగ్గర ఒకటి. కాసేపటికి మిగిలినవాళ్ళకీ అర్థమై చేతులు కలిపారు. నేనూ కలిపాను. తలుపు దగ్గరివి వెళ్ళేటప్పటి సంగతులు, కిటికీ దగ్గరివి వచ్చేటప్పటివి.

అన్నీ అయ్యాక చూస్తే తలుపు దగ్గర గుప్పెడు కాగితాలున్నాయి. కిటికీ వైపు నేలంతా నిండిపోయింది.

పన్నెండు గళ్ళ ఫారంలో తిరుగు ప్రయాణానికి ఒక్క గడి కూడా లేదు. నా డిజైన్‌లో ఒక టిక్కు ఉంది.

కొంచెం విడమర్చి చెప్తాను. వెళ్ళేటప్పుడు పేషెంటు నిద్రలేచి, ముస్తాబై, చెప్పిన టైముకి తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఎవరొచ్చినా తీసుకెళ్ళొచ్చు. నాలుగు గంటలు ఆ డయాలసిస్ మెషిన్‌కి కట్టేసినట్టుండి లేచాక అదే మనిషి వేరు. ఒంట్లో సత్తువ ఉండదు, తల తిరుగుతుంది, ఎన్నింటికి వదులుతారో వార్డులోవాళ్ళకే తెలియదు, ఇంటికెళితే తలుపు తీసేవాళ్ళుండరు. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ చేస్తున్న పనంతా అక్కడుంది. పని నేర్చుకుని మానేసిన ఆ ఇద్దరూ చేతకానివాళ్ళు కారు. పన్నెండు గళ్ళూ ఒక్క తప్పు లేకుండా నింపారు. ఫిర్యాదులన్నీ వచ్చింది తిరుగు ప్రయాణం మీద. ఆవిడకు కూడా ఆ సంగతి మాటల్లో తెలియదు, చేతికి తెలుసు.

పెద్ద పెద్ద కంపెనీల్లో, పెద్ద పెద్ద గదుల్లో, చాలా తెలివైన డిజైన్లు చూశాను, కొన్ని నేనే చేశాను. ఒక మనిషి జీవితకాలపు బుద్ధి ఇలా నేల మీద పరుచుకుని కనిపించడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. దాన్ని వెలికి తీసింది ఇంకా డ్రైవింగ్ లైసెన్సు కూడా లేని పిల్లలు. గుడిలోకి వెళ్ళినప్పుడు గొంతు దానంతటదే తగ్గుతుందే, ఆ గదిలో నాకు అలా అయింది.

అక్కడే నాకు స్విండన్ గుర్తొచ్చింది. మీకు చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను. విడిభాగాల గోడౌను ఒకదానికి నేను సిస్టమ్ డిజైన్ చేశాను, పని వివరాలు రాసుకునే జాబ్‌కార్డు ఖాళీది ఒకటి పెట్టుకుని. అక్కడ స్టోరు చూసే పెద్దాయన ఒకాయన, ఒక రోజంతా నా పక్కన కూర్చుని పని చూడు అన్నాడు. డైరీ ఖాళీ లేదన్నాను. నిజంగానే లేదు, మీటింగులున్నాయి. ఆ సిస్టమ్‌ని నాలుగు నెలలకే పక్కన పడేశారు. ఆ తర్వాత ఏ విందుకి వెళ్ళినా ఆ కథ చెప్పి, వాళ్ళకు వాడటం చేతకాలేదని నవ్వించేవాణ్ణి. పదిహేనేళ్ళు నవ్వించాను. ఆ బుధవారం, సాక్సులతో నేల మీద కూర్చుని, ఆ పెద్దాయనకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక సంతకం సంగతి మిగిలింది. డిజైన్ మొత్తం మార్చాలి, అది ఐదో వారంలో. నేను సంతకం పెట్టకపోతే పిల్లలు సోమవారం నుంచి లైబ్రరీ ప్రాజెక్టులో ఉంటారు, పెద్దావిడకు మార్చి గడువు ఒక్కటే మిగులుతుంది. మార్పుకి కారణం అని ఆ కాగితంలో నాలుగు లైన్ల జాగా ఉంది. లీడరు మర్యాదస్తుడు. క్లయింటు మనసు మార్చుకుందని రాయొచ్చు అంకుల్, అందరూ అలాగే రాస్తారు అన్నాడు. నన్ను కాపాడటానికే అన్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది.

అంత తేలికైన అబద్ధం నాకు ఎవరూ ఎప్పుడూ చేతికందించలేదు. ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా, ఎందుకు దాచాలి. తర్వాత రాశాను. "మెంటరు ఖాళీ ఫారం చూసి డిజైన్ చేశాడు. విద్యార్థులు నింపిన ఫారాలు చూశారు. వాళ్ళది సరైనది." సంతకం పెట్టి ఇచ్చాను. లెక్చరరు నుంచి సాయంత్రానికల్లా జవాబొచ్చింది. కొనసాగించండి, అంతే ఉంది అందులో.

మిగిలింది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను మార్కరు ముట్టుకోలేదు. టీ తెచ్చాను, అడిగినప్పుడు మాట్లాడాను. పిల్లలు తిరుగు ప్రయాణాన్ని వెళ్ళేదానికి తోకలా కాకుండా, దానికదే విడిగా పెట్టారు. దానికి టైము ఉండదు, వార్డు నుంచి ఫోను రాగానే మొదలవుతుంది. అంచుల్లోని రాతల్ని విడివిడి ముక్కలు చేసి, ఒక్కోదాని పక్కన ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని చేర్చారు, పాతబడినవి తెలిసేలా. డ్రైవర్ని కంప్యూటరే ఎంచేలా చేయడం చాలా సులువని నేనొకసారి ఆగలేక అన్నాను. లీడరు తల అడ్డంగా ఊపాడు. అది ఎంచి పెడితే ఇక ఎవరూ చదవరు అంకుల్, చదవాలి అన్నాడు. ఆ మాట నేను నా ఉద్యోగంలో ఒక్కసారైనా అనగలిగుంటే బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం సెమినార్ గదిలో రివ్యూ. మిగతా టీములు స్క్రీన్ మీద రంగురంగుల స్లైడ్లు చూపించాయి. మావాళ్ళు పేషెంటుకొకటి, డ్రైవరుకొకటి రాసిన కాగితపు కార్డులు బల్ల మీద పరిచారు. పెద్దావిడను పిలిపించి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మన అమ్మాయి లెక్చరరు దగ్గరికెళ్ళి, మీరు ఈ ఆఫీసులో ఈ రోజే చేరారు, ఆవిడ సెలవులో ఉంది, వచ్చి కూర్చోండి అంది. ఆయన కొంచెం ఇబ్బందిగానే కూర్చున్నాడు.

లీడరు వార్డు నర్సులా ఫోను చేశాడు. కస్టర్డ్ క్రీమ్ గారికి నలభై నిమిషాలు ఆలస్యమైంది, బాగా నీరసంగా ఉన్నారు. లెక్చరరు ఆ మనిషి కార్డు తీసి చదివాడు. డ్రైవర్ల కార్డులు మూడు చదివాడు. మళ్ళీ మొదటిది చదివాడు. కొంగ అన్నాడు. అందరం కిటికీ వైపు చూశాం. నేనైనా ఆయన్నే పంపేదాన్ని అంది ఆవిడ.

రెండో పేషెంటు జింజర్ నట్. ఆయన గుడ్లగూబను పంపాడు. ఆవిడ తలూపింది.

మూడో పేషెంటుకి ఆయన చాలాసేపు తీసుకుని రాబిన్ పిట్ట అన్నాడు. ఆ మనిషికి ఎప్పుడూ గుడ్లగూబే కదా, రాబిన్ ఎందుకు అని ఆవిడ అడిగింది. పిల్లల మొహాలు పాలిపోయాయి. లెక్చరరు కార్డు ఎత్తి పట్టుకుని, పోయిన నెల నుంచి వాకర్ వాడుతున్నారని ఉంది, గుడ్లగూబ గారి కారు డిక్కీ చిన్నదని ఆయన కార్డులో ఉంది, వాకర్ పట్టదేమో అనుకున్నాను అన్నాడు. నేను ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం అదే మొదలు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వాకర్ సంగతి వీళ్ళకి చెప్పింది నేనే," అంది. "మర్చిపోయాను. మీరే రైటు."

ఆ తర్వాత మార్కుల గురించి ఏవో మాటలు జరిగాయి, నాకు వినపడలేదు. గది వెనక గోడకానుకుని నిలబడి నేను ఏడుస్తున్నాను. రెండు నిమిషాల కిందటి వరకూ ఒక్క మనిషి తలలో మాత్రమే ఉన్న పని ఇప్పుడు ఆ తల బయట కూడా ఉంది. అదీ ఆ పని జన్మలో చేయని మనిషి చేతుల్లో. ఇంకా ఒక్క లైను కోడు రాయలేదు, కంప్యూటరు ఆన్ చేయలేదు. ఇంత పెద్ద సంగతి జరగడం నా ఉద్యోగ జీవితమంతటిలో నేను చూడలేదు, ఉద్యోగం అయిపోయాక చూశాను.

మిగిలినదంతా మామూలు కథే. చలికాలమంతా పిల్లలు కోడు రాశారు. మొదటి రెండు నెలలూ అది వారంలో ఏదో ఒక రోజు మొరాయించేది, అదీ బాగుచేశారు. స్కూల్లో ఆఫీసు పని చేసి రిటైరయిన ఒకావిడ మార్చిలో బాధ్యత తీసుకుంది. సర్వీసు మూతపడలేదు. పిల్లలు మూడో సంవత్సరంలోకి వెళ్ళిపోయారు, కనిపిస్తే ఇప్పటికీ అంకుల్ అంటారు.

ఆ శరదృతువులో ఒక మధ్యాహ్నం పెద్దావిడ నాకు ఫోను చేసింది. ఆమెకు కళ్ళలో ఇంజెక్షన్లు వేయిస్తున్నారు, నెలకొకసారి వెళ్ళాలి. ఇప్పుడు తనూ ఆ సర్వీసులో పేషెంటే. ఆ రోజు హాస్పిటల్ నుంచి తీసుకొచ్చిన డ్రైవరు కొత్తవాడట. ఇంటి ముందు కారాపాక, ఇక మీరు వెళ్ళండి అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదట. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను చేతికందేలా పెట్టి, అప్పుడు వెళ్ళాడట. తన గురించి తను ఎవరికీ ఏమీ చెప్పలేదే అని ఆవిడకు అనుమానమొచ్చింది. ఆఫీసుకి ఫోను చేసి, తన కార్డులో ఏముందో చదవమంది. ఒక్కటే ఉంది. రాసింది మన అమ్మాయి, ఆ ఆఫీసుకి వెళ్ళిన మొట్టమొదటి రోజు తారీఖుతో. అప్పటికి ఈవిడ పేషెంటు కాదు, ఈ కార్డుల ఆలోచనే ఇంకా పుట్టలేదు.

ఆ కార్డులో ఉన్నది ఆవిడ నాకు ఫోనులో చెప్పింది.

"'నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి' అంటుంది. వెళ్ళకండి."